ఎద్దుల లారీకి ఏ దారి?

మొన్న మాఘమాసంలో ఒకనాటి సాయంత్రం మా మేనల్లుడు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "మామా, ఒంగోలుకు ఏ దారి మంచిది?" అని అడిగాడు.

దారి అడిగే మనిషి దొరికి ఎన్నాళ్ళయిందో! ఇప్పుడు ఎవరి దారి వారి జేబులోనే ఉంటోంది. నేను ఉత్సాహంగా కుర్చీ ముందుకు లాక్కుని, పొద్దున ఏ వేళకు బయల్దేరాలో, గిద్దలూరులో కాఫీ ఎక్కడ బాగుంటుందో మొదలుపెట్టాను. వాడు కాసేపు ఓపిగ్గా విని, "నాకు కాదు మామా, ఎద్దులకు" అన్నాడు.

నేను కాఫీ సంగతి ఆపేశాను.

విషయమేమంటే, వాడి కొట్టంలో ఒంగోలు జాతి జత ఒకటి ఉంది. పల్లెల్లో పుట్టిన వారికి చెప్పనక్కరలేదు గాని, ఈ పత్రికను మేడమీద గదుల్లో కూర్చుని చదివేవారూ ఉన్నారు కనక చెబుతున్నాను. తెల్లని ఒళ్ళు, గోపురంలాంటి మూపురం, నడుస్తుంటే ఊగే గంగడోలు, కాటుక దిద్దినట్టుండే కళ్ళు. బాగా ఎదిగిన ఎద్దు ఒక్కొక్కటి అర టన్ను తూగుతుంది. ఈ రెంటినీ దూడలప్పటి నుంచి సాకింది మా మేనల్లుడని ఊళ్ళో పేరు. నిజానికి సాకింది వాడి భార్య. పెద్దోడు, చిన్నోడు అని వాటికి పేర్లు పెట్టిందీ ఆ అమ్మాయే.

ఒంగోలు దగ్గర పల్లెలో ఒక రైతు వచ్చి చూసి, బేరమాడి, బయానా ఇచ్చి వెళ్ళాడట. మిగతా సొమ్ము ఎద్దులు లారీ దిగి తన కళ్ళముందు నాలుగడుగులు నడిచాక ఇస్తాడు. నడకలో తేడా కనిపిస్తే బేరం లేదు, బయానా కూడా వాపసు. ఆ సొమ్ము రాకకు ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. వాడి కూతురు ఇంజనీరింగులో చేరి రెండో ఏడాది. ఫీజు కట్టవలసిన గడువు ముగ్గు గీసినట్టు ఎదురుగా ఉంది.

ఒంగోలు ఎద్దులను మళ్ళీ ఒంగోలుకే తోలుకుపోవడమేమిటని నాకు నవ్వు వచ్చిన మాట నిజం. కాని ఈ జాతికి ప్రయాణాలు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ దేశం చేరాయి. నెల్లూరు పేరు మీద అక్కడివాళ్ళు వాటిని నెలోర్ అంటారు. 1960ల మొదట్లో వెళ్ళిన మందను, రోగాలేమైనా వెంట తెచ్చాయేమోనన్న భయంతో, దేశంలోకి రానివ్వకుండా ముందు ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో నిలబెట్టి ఉంచారు. ఒంగోలు పక్కనున్న కరవది ఊరిపేరు పెట్టుకున్న ఎద్దు ఒకటి అక్కడ పెద్ద వంశానికే మూలపురుషుడైంది. సముద్రాలు దాటిన జాతికి నల్లమల ఒక లెక్కా అని మీరనవచ్చు. అయ్యా, సముద్రంలో మలుపులు లేవు.

ఆళ్ళగడ్డకూ ఒంగోలుకూ మధ్య నల్లమల అడ్డంగా పడుకుని ఉంది. దాన్ని దాటేందుకు మూడు దారులు. ఒకటి నంద్యాల వచ్చి, గాజులపల్లె దగ్గర అడవిలో ప్రవేశించి, నంది కనుమ ఎక్కి, దిగువమెట్ట దగ్గర దిగి, గిద్దలూరు, బేస్తవారిపేట, పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలు చేరేది. సుమారు 240 కిలోమీటర్లు. రెండోది దక్షిణంగా చాగలమర్రి, మైదుకూరు పోయి, బద్వేలు మీదుగా నెల్లూరు చేరి, అక్కడినుంచి సముద్రం వైపు పెద్ద రోడ్డున ఉత్తరానికి తిరిగేది. ఇది 300 కిలోమీటర్లు దాటుతుంది. అటూ కొండలున్నా మెలికలు తక్కువ. రోడ్డు చాలామేర విశాలం. మూడోది నంద్యాల నుంచి ఆత్మకూరు వెళ్ళి, పూర్వం మంత్రాలమ్మ కనుమ అన్న చోట దాటి దోర్నాలలో దిగేది. అది పులుల అభయారణ్యం. రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర బండ్లను ఆపేస్తారు. పొద్దుటిదాకా అడవి అంచున లారీలో ఎద్దులను నిలబెట్టుకుని పులుల గురించి ఆలోచిస్తూ కూర్చోవడం నావల్ల కాదన్నాను. మూడోది అక్కడికక్కడే కొట్టివేశాం.

మేనల్లుడు ఫోను తీసి చూపించాడు. అది క్షణంలో నంది కనుమ దారిని నీలిగీత గీసి పెట్టి, అయిదు గంటలు పడుతుందని తేల్చింది. ఇంతకీ మధ్యలో ఒకసారి ఆత్మకూరు అని అడిగితే అది మమ్మల్ని నెల్లూరు వైపు ఆత్మకూరుకు తీసుకుపోయింది. మనకు రెండు ఆత్మకూర్లున్న సంగతి దాని తప్పు కాదు. కాని లారీలో ఎవరున్నారని అది ఒక్కసారైనా అడగలేదు. అందుకే ఆ అయిదు గంటల మాట నేను నమ్మలేదు.

నేను రెండో దారే పొమ్మన్నాను. దూరమైతే కానీ, సాఫీగా ఉంటుంది, నంది కనుమ వద్దంటే వద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, వాడు నా ముఖం వంక చూశాడు. వాడికి తెలియని కారణం ఒకటుంది.

ముప్పై ఏళ్ళ నాటి మాట. మా నాన్నగారి ఎద్దును గిద్దలూరు అవతల మా బంధువుల ఊరికి చేర్చే పని నామీద పడింది. నాకు అప్పుడు ఉద్యోగం కొత్త, సెలవు ఒక్కరోజే. దొరికిన లారీ మాట్లాడి, ఎద్దును ఎక్కించి, త్వరగా పోనిమ్మని డ్రైవరును తొందరపెట్టాను. లారీ అడుగు ఇనపరేకు. దానిమీద ఇసుక లేదు, గడ్డి లేదు. కనుమ ఎక్కేసరికి జల్లు పడింది. ఒక మలుపులో వెనక పెద్ద చప్పుడైంది. దిగి చూస్తే ఎద్దు పక్కకు పడి ఉంది. ముకుతాడు లారీ కమ్మికి కట్టాను. ముక్కు చీరి రక్తం. తుంటి దెబ్బతిని లేవలేకపోయింది. డ్రైవరును అనడానికి ఏమీ లేదు. తొందరపెట్టింది నేను, కట్టింది నేను. ఆ ఎద్దు బతికింది గాని మళ్ళీ కాడి మోయలేదు. మా నాన్నగారు నన్ను ఒక్క మాటా అనలేదు. చాలాకాలం సాయంత్రంపూట దాని తుంటికి నూనె రుద్దుతూ కూర్చునేవారు. నేను వెళ్ళి పక్కన నిలబడితే, "నూనె గిన్నె ఇట్లా జరుపు" అనేవారు, అంతే.

ఇదంతా మేనల్లుడికి చెప్పలేదు. కనుమ వద్దన్నాను, అంతే.

మర్నాడు ఇద్దరం ఆళ్ళగడ్డ వెళ్ళాం. వాడి భార్య మాకు అన్నం వడ్డిస్తూ సంగతంతా వింది. నేను మైదుకూరు దారి గొప్పలు వర్ణిస్తున్నాను. నాలుగు వరసల రోడ్డు, బ్రేకు వేయనక్కరలేదు, ఒక గంటో రెండు గంటలో ఎక్కువ, అంతేగదా అన్నాను.

"ఆ రెండు గంటలే కదా చిన్నాయనా కష్టం" అంది ఆ అమ్మాయి. "పెద్దోడు పొద్దుగూకులా నిలబడమన్నా నిలబడతాడు. చిన్నోడు నాలుగైదు గంటలైతే మోకాళ్ళు వంచుతాడు. పండుకోవాలని చూస్తాడు. లారీ పోతాండగా వాడు పండుకుంటే, పక్కనే పెద్దోడి కాళ్ళు. తొక్కితే ఏమి కావాల?"

నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం మరచిపోయాను. ఆ అమ్మాయి ఇంకా చెప్పింది. చిన్నోడికి ఎడమపక్కకు ఆనుకునే అలవాటు, కనక వాణ్ణి ఎడమగోడకు కట్టాలి. పెద్దోడికి పెద్ద హారను పడదు, అదిరిపడతాడు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రోడ్డంతా హారన్లే కదా!

"ఆ రోడ్డులో మధ్యలో దించి కాసేపు నిలబెడితే?" అన్నాను, ఓటమి ఒప్పుకోవడం ఇష్టంలేక.

"దించేదానికి గట్టు యాడుంది?" అన్నాడు మేనల్లుడు.

ఈ గట్టు సంగతి పాఠకులకు వివరించాలి. అర టన్ను ఎద్దు లారీ నుంచి నేలకు దూకదు. దూకితే కాళ్ళు మిగలవు. లారీ అడుగు ఎంత ఎత్తుందో అంత ఎత్తు మట్టిగట్టు కావాలి. లారీని వెనక్కి నడిపి గట్టుకు ఆనించి, వెనక తలుపు దించితే ఎద్దు వీధిలోంచి అరుగుమీదికి వచ్చినట్టు నడిచి వస్తుంది. పల్లెల్లో ఏ కళ్ళం దగ్గరైనా, చెరువుకట్ట పక్కనైనా ఇలాంటి గట్టు దొరుకుతుంది. నాలుగు వరసల రోడ్డు పక్కన ఇనపకమ్మీలు దొరుకుతాయి. కాబట్టి ఎద్దుల దారి వెదకడమంటే మొదట గట్లు వెదకడం. ఆ తర్వాతనే రోడ్డు. ఇంత వయసొచ్చి, ఈ దారులన్నీ తిరిగి, ఇది నాకు ఆ పూట అన్నం దగ్గర తెలిసింది.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో మా బంధువుల అబ్బాయి ఉన్నాడు. అక్కడ గుర్రాలను తీసుకుపోయేవాళ్ళు కారు వెనక ప్రత్యేకంగా ఒక బండి తగిలించుకుని వందల మైళ్ళు పోతారట. ఆ మధ్య ఫోనులో మాట్లాడుతూ అతను చెప్పినదేమంటే, వాళ్ళూ పెట్రోలు బంకు ఎంచేటప్పుడు ఆ పొడుగుబండి తిరిగే చోటుందా అని చూస్తారు. రాత్రికి గుర్రాన్ని కట్టే కొట్టం ఎక్కడ దొరుకుతుందో ముందే మాట్లాడుకుంటారు. కొత్తచోట నీళ్ళు గుర్రం ముట్టదేమోనని ఇంటినీళ్ళు మోసుకుపోతారు. రాష్ట్రం దాటాలంటే రక్తపరీక్ష కాగితం ఉండాలట. వాళ్ళ రోడ్లేమిటి, మన రోడ్లేమిటి! అయినా జంతువు కాళ్ళు ఎక్కడైనా ఒకటే కాబోలు.

సరే, నంది కనుమే. కాని ఈసారి తొందర లేకుండా. మేనల్లుడి మోటారుసైకిలు మీద ఇద్దరం వెళ్ళి దారి చూసి వద్దామనుకున్నాం. నా వయసులో మోటారుసైకిలు వెనక కూర్చుని కనుమ ఎక్కడం మా ఆవిడకు చెప్పకుండా చేయవలసిన పని. గాజులపల్లె దాటిన దగ్గర నుంచి దిగువమెట్ట దాకా మలుపులు లెక్కపెట్టి, ఒక్కొక్కటి ఎంత వంకరో కాగితం మీద రాసుకోవాలని నా ఏర్పాటు. సగం దూరం బాగానే రాశాను. ఒకచోట ఆగి నీళ్ళు తాగుతుంటే కోతి ఒకటి వచ్చి అరటిపండ్ల సంచితోపాటు కాగితం కూడా పట్టుకుపోయింది. లెక్క అక్కడితో సరి.

లెక్క పోయినా కొన్ని సంగతులు మనసులో నిలిచాయి. ఎక్కడ రోడ్డు లోపలికి వాలి ఉంది, ఎక్కడ బయటికి వాలి ఉంది, ఎదురుగా బస్సు వస్తే లారీ పక్కకు ఒదిగే చోటు ఏది. ఎక్కేటప్పటి మలుపులకన్నా దిగేటప్పటి మలుపులే ఎద్దుకు కష్టం. ఎక్కేటప్పుడు బరువు వెనక కాళ్ళమీద పడుతుంది, అది కాడిలాగే ఎద్దుకు అలవాటే. దిగేటప్పుడు బరువంతా ముందుకాళ్ళ మీదికి వచ్చి తల ఎక్కడ ఆనించాలో తెలియక తికమకపడుతుంది. అప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కాడా, ఇక అంతే. చిన్న గేరులో ఇంజను పట్టుమీదనే దిగాలి. ఆ కొండలోనే బొగద దగ్గర రైలుకు సొరంగం ఉంది. రైలువాళ్ళు కొండను తొలుచుకుపోయారు, మలుపులన్నీ మనకు వదిలారు.

దిగువమెట్ట దాటి, గిద్దలూరు దాటి, ఒక రైతు కళ్ళం దగ్గర మంచి గట్టు, పక్కన చింతచెట్టు, బోరు కనిపించాయి. ఆయనను అడిగితే, "ఎద్దులకు కదన్నా, అడిగేదేముంది" అన్నాడు. పొదిలి దగ్గర మరొకటి చూసుకున్నాం. దారిలో నాకు కంభం చెరువు చూడాలని కోరిక పుట్టింది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి ఆపిన చెరువు అది. ఇన్ని వందల ఏళ్ళు గడిచినా పొలాలకు నీరిస్తోంది. "మన దారి అది కాదు మామా" అన్నాడు మేనల్లుడు. నిజమే. పనిమీద బయల్దేరినవాడికి చెరువులెందుకు?

తరవాత కాగితాల పని. మనదేశంలో జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద జంతువులను రైళ్ళలో, లారీల్లో ఎలా తీసుకుపోవాలో 1978లో నియమాలు చేశారు. అవి చదివి నేను కాసేపు మాట్లాడలేదు. పశువు ప్రయాణానికి తగినట్టు ఉందని పశువైద్యుని పత్రం ఉండాలి. లారీలో ఆరింటికి మించి ఎక్కించకూడదు. కాలు జారకుండా అడుగున కొబ్బరిపీచు చాపో, చెక్కో పరవాలి. పక్కలకు మెత్త కట్టాలి. పశువుల వెంట ఒక మనిషి ఉండాలి. వాటితోపాటు వేరే సరుకు వేయకూడదు. బెదిరిపోకుండా, వీలైనంతవరకు ఇంజను వైపు ముఖం పెట్టి నిలబెట్టాలి. ముప్పై ఏళ్ళ కిందట నేను మా నాన్నగారి ఎద్దును ఎక్కించేనాటికే ఈ మాటలన్నీ అచ్చై ఉన్నాయి. నేను చదవలేదు.

నంద్యాలలో పశువైద్యుడు జతను చూసి, గిట్టలు ఎత్తి పరీక్షించి, పత్రం రాసిచ్చారు. అమ్మకపు రసీదు, కొన్నవారి పేరు, అమ్మినవారి పేరు వేరే కాగితం మీద రాసుకున్నాం. రోడ్డుమీద ఎద్దుల లారీ కనిపిస్తే అది కోతకు పోతోందేమోనని ఎవరైనా ఆపి అడుగుతారు, అడగడం మంచిదే. కాగితం లేనివాడికే భయం.

లారీ డ్రైవరు సాయిబు మంచి మనిషి, పాతికేళ్ళుగా పశువుల లారీ తోలినవాడు. మొదట ఏం చేయాలో నేను చెప్పబోతే చిరునవ్వుతో వింటూ ఊరుకున్నాడు. తరువాత తనే నాలుగు అంగుళాల మందాన ఇసుక పోయించి, పైన తడి వరిగడ్డి పరిపించాడు. పక్క కమ్మీలకు గడ్డి కుక్కిన గోతాలు కట్టించాడు. మెడకు వేసిన పలుపే కమ్మికి కట్టాలి, ముకుతాడు వదులుగా మెడమీద వేసి ఉంచాలి అన్నాడు. కట్టే ముడి ఒక్క గుంజుకు ఊడాలి. పలుపు మరీ పొడుగైతే ఎద్దు మెడ తిప్పి పక్కదాన్ని పొడుస్తుంది, మరీ పొట్టిదైతే తూకం నిలుపుకోలేదు. "తల బారెడు ఆడాల సార్, అంతకు మించకూడదు" అన్నాడు. ముకుతాడు మాట వచ్చినప్పుడు నేను అవతలికి నడిచి వెళ్ళి, చూడవలసిన పని ఏమీ లేకపోయినా టైర్లు చూశాను.

బయలుదేరిన రోజు తెల్లవారుజామున మూడున్నర. ముందురాత్రి ఎద్దులకు సగం మేతే వేసింది ఆ అమ్మాయి, కడుపు నిండుగా ఉంటే మలుపుల్లో ఇబ్బంది పడతాయని. రెండు పీపాల ఇంటినీళ్ళు, నానబెట్టిన ఉలవలు, జొన్నచొప్ప మోపు డ్రైవరు గది పైన కట్టాం. తనూ వస్తానని బయలుదేరింది. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మేనల్లుడు వెనక ఎద్దుల దగ్గర, మేమిద్దరం ముందు.

శిరివెళ్ళ, నంద్యాల చీకట్లోనే దాటాం. నంద్యాల చుట్టూ తొమ్మిది నందులున్నాయి. మహానంది వైపు చీకట్లో ఆ అమ్మాయి చేతులు జోడించింది. ఎద్దులను అమ్మడానికి పోతూ నందికి దండం పెట్టడం ఎలా ఉంటుందో నేను అడగలేదు. గాజులపల్లె దగ్గర లారీ ఆపి తెల్లవారేదాకా ఉన్నాం. ఫోను లెక్కలో ఈ ముప్పావుగంట లేదు. ఎద్దులు నెమరువేయడం మొదలుపెట్టాయి. "ఇంక భయం లే చిన్నాయనా, నెమరేస్తాండాయి" అందామె. నెమరు వేసే ఎద్దుకు బెదురు లేనట్టట.

కనుమలో లారీ నడకకు సైకిలువాడు సులభంగా ముందుకు పోగలడు. వెనక బస్సులు మూడు, కారులు ఎన్నో చేరి హారన్లు మోగించాయి. సాయిబు చోటు దొరికినప్పుడల్లా పక్కకు ఒదిగి దారి ఇచ్చి, మళ్ళీ నింపాదిగా బయల్దేరేవాడు. ప్రతి మలుపు ముందూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపుమీద రెండు దెబ్బలు కొట్టేవాడు. అది వెనకనున్న మేనల్లుడికి సంకేతం. వాడు ఎద్దుల మధ్యకు పోకుండా, ముందువైపు కమ్మి పట్టుకుని నిలబడి, "ఓ..." అని నెమ్మదిగా పలికేవాడు. నేను ముందు అద్దంలోంచి రోడ్డు చూడలేదు; వెనక చప్పుడు వింటూ కూర్చున్నాను. ఒకచోట, నాకు గుర్తున్న మలుపే అనుకుంటాను, గిట్ట జారిన శబ్దం వచ్చింది. నా చేయి తలుపు పిడి మీదికి పోయింది. "ఏం లే, పెద్దోడు కాలు మార్చుకున్నాడు" అన్నాడు సాయిబు, చూడకుండానే.

దిగువమెట్ట దిగి గిద్దలూరు దాటేసరికి ఎనిమిదిన్నర. చింతచెట్టు కింద గట్టుకు లారీ ఆనించాం. చిన్నోడు దిగి రెండడుగులు వేసి, ఇంతసేపూ దాచుకున్న కోరిక తీర్చుకుంటున్నట్టు అక్కడికక్కడే మోకాళ్ళు వంచి పడుకున్నాడు. ఆ అమ్మాయి నావంక చూసింది. ఏమీ అనలేదు. రెండో దారిన పోయి ఉంటే ఆ వేళకు ఎక్కడుండేవాళ్ళమో నేను లెక్కవేసుకున్నాను. దగ్గర్లో గట్టు లేని చోట ఉండేవాళ్ళం.

కళ్ళం రైతు మంచి మనసుతో బోరునీళ్ళు తొట్టినిండా పట్టాడు. ఎద్దులు వాసన చూసి తల తిప్పుకున్నాయి. ఇంటినీళ్ళు పోస్తే బకెట్లు ఖాళీ అయ్యాయి. రెండు గంటలు అక్కడే గడిపాం.

ఆ తర్వాత చెప్పుకోవలసిన కథ లేదు. ఒకచోట పోలీసులు ఆపి కాగితాలు చూసి పంపారు. పొదిలిలో మళ్ళీ దించాం. ఫోను చెప్పిన అయిదు గంటల ప్రయాణానికి మాకు పన్నెండు గంటలు పట్టింది.

కొన్న రైతు వాకిట్లో గట్టు ముందే వేయించి ఉంచాడు. అది చూడగానే ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఎద్దులు దిగాయి. ఆయన మాట్లాడకుండా ఒక పక్కకు నిలబడి, ముందు పెద్దోణ్ణి, తర్వాత చిన్నోణ్ణి వీధి చివరిదాకా నడిపించి చూశాడు. వెనకనుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు, చిన్నోడి ఎడమ మోకాలు తడిమి చూశాడు. మా మేనల్లుడి పెదాలు ఎండిపోయాయి. ఆయన లేచి చేతులు దులుపుకుని, లోపలికి కేకవేసి, "మజ్జిగ తెండమ్మా, డబ్బుల సంచీ కూడా" అన్నాడు.

బయలుదేరే ముందు ఆ అమ్మాయి ఎద్దుల మెడలోని పాత పలుపులు విప్పి, వాళ్ళ కొత్తవి కట్టించింది. ఎద్దును అమ్మినా పలుపు అమ్మకూడదని వాళ్ళ పుట్టింట ఆచారమట. చిన్నోడు తల వంచి ఆమె కొంగు నోటితో పట్టుకున్నాడు. ఆమె కొంగు లాక్కుని, వెనక్కి చూడకుండా వచ్చి లారీ ఎక్కింది.

తిరుగుప్రయాణంలో లారీ ఖాళీ. సాయిబుకు ఇంటి ధ్యాస, రోడ్డు చల్లగా ఉంది, దిగువమెట్ట దగ్గర కనుమ ఎక్కుతూ హుషారుగా ఒక మలుపు కొట్టాడు. వెనక ఇసుక, గడ్డి తప్ప ఏమీ లేవు. పలుపులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్న ఆ అమ్మాయి ఉలిక్కిపడి, "మెల్లగా పోన్నా!" అంది.

సాయిబు గేరు మార్చాడు.